పచ్చిక మీద పరామర్శ

ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. నాచారంలో మా ఇంటి ముందు రెండు మంచాలు పట్టేంత జాగా ఉండేది. నేను గోంగూర వేద్దామనుకునేలోపే మా ఆయన అందులో లాన్ వేసేశారు. పై అధికారి ఇంటికి భోజనానికి వెళ్ళొచ్చాక పుట్టిన బుద్ధి అది. చెంగిచెర్ల వైపు నర్సరీ నుంచి చాపలా చుట్టిన గడ్డిని ఆటోలో తెచ్చి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు పరిచారు. ఇక దాని మీద ఎవరూ కాలు పెట్టకూడదు.

"గేదె లేకుండా గడ్డేంట్రా?" అని మా అత్తగారు అడిగారు.

"చూడ్డానికమ్మా."

"గడ్డిని చూస్తూ కూర్చునేది గేదేరా" అన్నారావిడ.

మే నెలాఖరుకి మా బోరు నీళ్ళకు బదులు గాలి కక్కడం మొదలుపెట్టింది. నల్లా వచ్చేది రోజు విడిచి రోజు. బియ్యం కడిగిన నీళ్ళు, కూలర్ అడుగున మిగిలిన నీళ్ళు, చివరికి అత్తగారు కాళ్ళు కడుక్కున్న నీళ్ళు కూడా లాన్‌కే పోయాయి. అయినా గడ్డి కొబ్బరిపీచు రంగుకి తిరిగింది. నీడ కడితే బతుకుతుందేమోనని మా ఆయన నాలుగు గుంజలు పాతి, నా చీరలు అడిగారు. నేనివ్వలేదు. పాత తెల్ల దుప్పట్లు కట్టారు. వాటి కింద ఓ అంచున ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, గడ్డి వంక దీనంగా చూస్తూ కూర్చున్నారు. అంతకు ముందు వారమే యాదగిరిగుట్టలో గుండు చేయించుకొచ్చారు. అత్తగారేమో రోజూ గేటు దగ్గర నిలబడి వీధి మొత్తాన్నీ పలకరించే మనిషి, ఎండకి తాళలేక రెండు రోజులుగా కూలర్ ముందు నుంచి కదల్లేదు.

ఎదురింటి వదిన అప్పుడే పుట్టింటి నుంచి బస్సు దిగి వచ్చింది. తెల్ల గుడ్డలు చూసింది, గుండు చూసింది. చేతిలో సంచి అక్కడే పడేసింది.

"అయ్యో అన్నా! ఎప్పుడు పోయింది?"

"నిన్నటి నుంచే అనుమానంగా ఉందమ్మా. ఇవాళ్టి ఎండకి పూర్తిగా పోయింది" అన్నారు మా ఆయన, గడ్డి మీంచి చూపు తిప్పకుండా.

"ఆఖరికి జర నీళ్ళన్న తాగిందా?"

"పోస్తూనే ఉన్నాను. పీల్చుకోలేదు."

వదిన లాన్ మధ్యలో కూలబడి గుండెలు బాదుకుంది. "నా పెద్దమ్మా! మొన్ననే గదనే నన్ను మామిడికాయ తొక్కు అడిగినవ్!"

ఆ ఏడుపుకి నేను డాబా మీద వడియాలు వదిలేసి పరిగెత్తుకొచ్చేసరికి వీధిలో ఆడవాళ్ళంతా మా గడ్డి మీద సర్దుకుని కూర్చున్నారు. "లేవండమ్మా, గడ్డి నలుగుతుంది" అని మా ఆయన బతిమాలుతుంటే, దుఃఖంలో మతి పోయిందని ఒకావిడ ఆయన వీపు నిమురుతోంది. ఇంతలో పక్కింటి పెద్దాయన బంతిపూల దండతో వచ్చాడు. మునగచెట్టు కొమ్మల గురించి అత్తగారితో గొడవపడి ఏడాదిగా మాటల్లేవు ఆయనకి.

"మంచి మనిషి. ఎవల జోలికీ పోకపోతుండె" అన్నాడు గొంతు సవరించుకుని.

"మరి మునక్కాయల దగ్గర గయ్యాళి అన్నావు కదయ్యా నన్ను?"

గుమ్మంలో అత్తగారు, నిద్ర జుట్టుతో. వదిన కెవ్వుమంది. పెద్దాయన దండ వెనక్కి దాచుకున్నాడు.

"అప్పుడు బతికున్నవ్ గదమ్మా" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. అత్తగారు మాత్రం కొడుకుని కుర్చీలోంచి లేపి తను కూర్చుని, ఎవరెవరు ఏమేం అన్నారో మొదటి నుంచీ మళ్ళీ చెప్పించుకున్నారు. బాగా ఏడ్చినందుకు వదినకి తన పక్కన చోటిచ్చారు. నాతో అందరికీ టీ పెట్టించారు. పెద్దాయన రెండుసార్లు తాగాడు. పొద్దు వాలేదాకా ఒక్కరూ లేవలేదు.

"ముందా దుప్పట్లు పీకెయ్‌రా, ఇంకెవరైనా దండ తెస్తారు" అన్నారావిడ వాళ్ళు వెళ్ళాక. మా ఆయన పీకేశారు. ఇంతమంది కూర్చున్నాక, పైన నీడ కూడా పోయాక ఆ గడ్డిలో మిగిలిన కాస్త ప్రాణం కూడా వారం తిరక్కుండానే పోయింది. ఆయన రెండు పూటలు సరిగ్గా అన్నం తినలేదు. ఆ తినకపోవడం నాకు జాలిగానే ఉండేది, కానీ మొహం చూస్తే నవ్వొచ్చేది, వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

వానలు పడ్డాక, పక్క ఖాళీ ప్లాటులోంచి విత్తనాలు ఎగిరొచ్చాయేమో, అక్కడ ఏవో మొక్కలు నడుమెత్తున లేచి తెల్లగా, గులాబీగా కంకులు వేశాయి. అలంకారానికి పెంచానని మా ఆయన వచ్చినవాళ్ళకి చెప్పుకున్నారు. బతుకమ్మ నాడు ఎదురింటి వదిన కొడవలితో వచ్చింది.

"అన్నా, మీ ఇంట్ల గునుగు మస్తుగొచ్చింది. కోసుకుంటా."

చేలగట్ల మీద ఊరికే మొలిచే గునుగని తేలేసరికి ఒక్క క్షణం ఆయన మొహం మాడింది. తర్వాత తనే బుట్ట పట్టుకుని వెనకాలే తిరిగారు. ఆ సాయంత్రం వీధిలో పేర్చిన బతుకమ్మలో ఏ వరస పూలు మావో, అడగనివాళ్ళక్కూడా వేలు పెట్టి చూపించారు.