మెట్ల దాకా వచ్చే చెరువు

యుద్ధం రోజుల్లో మా బాపు బొల్లారంలో ఒక తెల్లదొర ఇంట్లో వంట చేసేవాడు. మేము కౌకూర్‌లో అద్దెకుండేవాళ్లం. ఎండాకాలం రాగానే దొరలు పెట్టెలు సర్దుకుని సముద్రం ఒడ్డుకు పోయి, అక్కడ అద్దె ఇళ్లలో ఉండి వచ్చేవాళ్లు. అది చూసీ చూసీ బాపుకు ఒక ఆలోచన పుట్టింది. మనకు సముద్రం లేకపోతేనేం, శామీర్‌పేట చెరువుంది కదా!

దసరా సెలవుల్లో మమ్మల్ని ఎడ్లబండి ఎక్కించి తీసుకుపోయాడు. ఊరికి దూరంగా, ఒడ్డున, ఎవరో దేశ్‌ముఖ్ వేటకొచ్చినప్పుడు దిగడానికి కట్టుకున్న పెంకుటిల్లు. ముందు రాతి మెట్లు. ఆఖరి మెట్టును నీళ్లు తడుపుతున్నాయి. బాపు దాని మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టాడు. ఎంత పిలిచినా లేవడే!

"ఎండకాలం గూడ గిట్లనే ఉంటదా?" అని అమ్మ అడిగింది.

"గింత పెద్ద చెరువు ఏడికి వోతదే? రెక్కలున్నయా దానికి?"

ఆ ఇల్లు కొని సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకివ్వాలన్నాడు. దానికోసం అమ్మ తన బర్రెలను అమ్మింది. దూడలప్పటి నుంచి పెంచినవి. కొన్నవాడు తోలుకుపోతుంటే లోపలికి పోయి తలుపు వేసుకుంది. బయటికొచ్చాక ఒకటే మాట అంది: "గీ ఎండకాలం ఒక్కలన్న వచ్చి ఉండకపోతే, ఇల్లు అమ్మి నా బర్రెలు నాకు దెచ్చియ్యాలె."

బాపు మా చర్చికి వచ్చే వాళ్లందరికీ చెప్పాడు. చివరికి సికింద్రాబాద్ బడి పంతులుగారొకాయన ఎండాకాలం సెలవులకు భార్యాపిల్లలతో వస్తానన్నారు. "మెట్ల మీద కూసొని కాళ్లు నీళ్లల్ల పెట్టుకోవచ్చు సార్" అని బాపు ఊరించాడు.

ఇల్లు ఊడ్చి పెట్టడానికి మేము ముందురోజు పోయాం. మెట్ల కింద ఎండిన మట్టి. ఆ తర్వాత కనుచూపు మేర పచ్చటి తీగలు. చెరువు ఎక్కడో దూరంగా గీతలా మెరుస్తోంది.

"రెక్కలొచ్చినట్టున్నయి" అంది అమ్మ.

నీళ్లు వెనక్కి పోయినకొద్దీ ఆ తడి మట్టిలో చేపలు పట్టే వాళ్లే దోస, కర్బూజ పెడతారట. అక్కడ అందరికీ తెలిసిన సంగతి. ఆ తీగల్లోంచి ఒకామె నడుం ఎత్తి నవ్వింది. "దసరకు జూసి కొన్నరా అన్నా? మమ్ముల నడిగితె జెప్పకపోదుమా?"

మర్నాడు పంతులుగారు బండి దిగి మెట్ల మీద నిలబడ్డారు. "చెరువేదండీ?"

బాపు పెట్టెలు దించే నెపంతో బండి వైపు తిరిగాడు. "చెప్పు, సార్ అడుగుతున్నరు" అని అమ్మ పక్కనుంచి పొడిచింది.

అంతలో నిన్నటి ఆమె గంప ఎత్తుకుని వచ్చింది. తొలి కోత కాయలు వాళ్లు అమ్మరు. ఆ రోజు ఒడ్డుకు ఎవరొస్తే వాళ్లకు పెడతారు. అప్పుడే కోసిన కర్బూజ వాసనకు పిల్లలు బండి మీంచి దూకారు. ఆ వెంటనే తీగల మధ్య పరుగులు.

పంతులుగారి భార్య మాత్రం అక్కడే కూలబడి హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. "నీళ్ల పక్కన ఇల్లనగానే నాకు నిద్ర పట్టలేదమ్మా. వీళ్లను ఎవరు కాపలా కాస్తారు? ఇదైతే ఎంత దూరం పోయినా కనిపిస్తారు."

సెలవులు అయ్యేదాకా ఉన్నారు. వచ్చే ఏడు తన అక్క కుటుంబాన్ని కూడా తెస్తానని ఆవిడ అమ్మకు చెప్పి పోయారు. "ఈసారి నీళ్ల ముచ్చట తియ్యకు. కర్బూజలని చెప్పు" అని అమ్మ బాపుకు నేర్పింది.

ఇల్లు నిలిచింది. వానలు పడ్డాక చెరువు మళ్లీ మెట్ల దాకా వచ్చింది, మేమూ కౌకూర్ నుంచి అక్కడికి మారాం. అప్పటికి అమ్మ అద్దె డబ్బుకు కొంత కలిపి కొత్త బర్రెను కొనుక్కుంది. బాపు నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చునే ఆఖరి మెట్టు దగ్గరే దాన్ని రోజూ కడిగేది.

"జర జరుగు" అనేది బాపుతో. ఆయన జరిగేవాడు.