ఎదురుగా వచ్చి పిలిచేవాడు

నెల క్రితం సూరత్‌లో ఉధనా దగ్గర, బట్టకు రంగులద్దే ఒక పాత డైయింగ్ మిల్లు తాళం పగలగొట్టించాను. దొంగతనానికి కాదు. మూతబడిన మిల్లులను కూలగొట్టే కాంట్రాక్టరు దగ్గర నేను సూపర్‌వైజర్ని, తాళాలు పగలగొట్టించడం నా ఉద్యోగంలో భాగం. షట్టరు మోకాలి ఎత్తు లేచిందో లేదో లోపలి గాలి బయటికి తన్నుకొచ్చింది. పావురాల రెట్ట, తడిసి ఎండిన గుడ్డ, పాత రంగుల ఘాటు, వాటన్నిటి అడుగున సన్నగా కుళ్ళిన గుడ్డు వాసన. వెనకున్న కూలీలు ముక్కులు మూసుకుని ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. నాకు ఓదేలు కాక గుర్తొచ్చాడు. వాళ్ళను బయటే ఉండమని చెప్పి, షట్టరు పూర్తిగా ఎత్తించాను.

ఓదేలు కాక నాకు బంధువేమీ కాదు. ఆయనది సిరిసిల్ల, మాది జగిత్యాల పక్కన పల్లె. నేను ఇంటర్ తప్పి, ఊళ్ళో మొహం చూపించలేక సూరత్ వచ్చినప్పుడు డిండోలిలో ఆయన గదిలోనే చాప పరుచుకోవడానికి చోటు దొరికింది. ఆయన నా వయసులో సలాబత్‌పురాలో ఒక కార్ఖానాలో చేరి, అప్పటినుంచీ మగ్గాల మధ్యే బతికాడు. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, మగ్గం సెలవిస్తే కదా అనేవాడు. సిరిసిల్లలో ఒక చెల్లెలు ఉంది. అంతకుమించి ఆయనకంటూ ఎవరూ లేరు. ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం మగ్గాల మోతకు పోయాయి. మిగిలిన ఆ సగం చెవితో కూడా తనకు ఇష్టమైనవి మాత్రమే వినేవాడు. గది ఊడవడం ఈరోజు నీ వంతు కాకా అంటే ఎప్పుడూ వినపడేది కాదు. కల్లు మాట గొణిగినా వినపడేది.

మరమగ్గాల షెడ్డులో పక్కవాడు గొంతు చించుకున్నా వినపడదు. అందుకని అక్కడ మాటలన్నీ చేతులతోనే. అయిదు వేళ్ళూ కలిపి నోటి దగ్గరకు తెస్తే అన్నానికి రమ్మని. రెండు మణికట్లు ఒకదానిమీద ఒకటి అడ్డంగా పెట్టి చూపిస్తే కరెంటు పారుతోంది, ముట్టకు, దగ్గరికి రాకు అని. వీటికంటే ముందు నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది. మగ్గం మీద పని చేస్తున్నవాణ్ని వెనకనుంచి తాకకూడదు. తాకితే ఉలిక్కిపడతాడు, చెయ్యి మగ్గంలోకి పోతుంది. చుట్టూ తిరిగి అతనికి ఎదురుగా వెళ్ళాలి. అతని చేతుల మీదనుంచి, మొహం మీదనుంచి చూపు తిప్పకూడదు. అతను మనల్ని చూశాకే సైగ చెయ్యాలి.

ఇదేమీ తెలియని నేను, కాక పని చేసే షెడ్డులోనే చేరిన మొదటిరోజు, మంచినీళ్ళు ఎక్కడున్నాయని అడగడానికి వెనకనుంచి కాక భుజం తట్టాను. ఆయన మగ్గం ఆపి, నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. నీళ్ళ కుండ చూపించి, నేను తాగేదాకా ఆగి, అప్పుడు చెప్పాడు.

"రాజేశా, ఎవన్నన్న పిలువాలంటె ఎదురుంగ పొయ్యి పిలువాలె. గదే మర్యాద. గా మర్యాదల్నే పానం సుత ఉన్నది."

తరువాత నాకు మగ్గం పనంతా ఆయనే నేర్పాడు. తెగిన పోగు కలపడం, నేత చూసి తప్పు పట్టడం, సేటు ముందు ఎక్కువ మాట్లాడకపోవడం. మా నాన్న దగ్గర నేర్చుకున్నదానికంటే ఆయన దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ. ఈ మాట నాన్నకు కూడా చెప్పాను, ఆయనేమీ అనుకోలేదు.

కరోనా వచ్చింది. ఒక మధ్యాహ్నం మగ్గాలు ఆగిపోయాయి. అంత మోత ఒక్కసారి ఆగేసరికి మాలో చాలామందికి నిద్ర పట్టడం మానేసింది. రింగ్ రోడ్ మార్కెట్లు మూతపడ్డాయి, బట్ట కొనేవాడు లేడు, నేసేవాడికి పని లేదు. గదుల్లో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే మూటలు కట్టారు. చివరికి మావైపు ఊళ్ళకు ఒక బస్సు కుదిరింది. ఎక్కేచోట నుదుటికి మీటరు పెట్టి చూసి, నాకు జ్వరం ఉందని పక్కకు నిలబెట్టారు. నా వెనకే కాక ఉన్నాడు, ఆయనకు జ్వరం లేదు. ఎక్కమన్నారు. ఆయన మూట భుజాన వేసుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నువ్వు పో కాకా అని ఎంత చెప్పినా వినపడనట్టే ఉండిపోయాడు. బస్సు మలుపు తిరిగాక నోరు విప్పాడు.

"ఆడికి పొయ్యి ఏంజేస్తరా. చెల్లె ఇంటికి పోతె రోగం తెచ్చినవా అన్నట్టు జూస్తరు. పా, గంజి కాసిస్త."

తెల్లవారేసరికి నా జ్వరం తగ్గిపోయింది. బస్సు మాత్రం మళ్ళీ రాలేదు.

మా మగ్గాల షెడ్డు వెనక గోడకు ఆనుకుని ఒక డైయింగ్ మిల్లు ఉండేది. కరోనాకు ఎన్నో ఏళ్ళ ముందే మూతపడింది. రాగి తీగల కోసం, ఇనుము కోసం దొంగలు పడుతున్నారని, అక్కడ కాపలా ఉంటే బియ్యం పప్పు పంపిస్తానని మా సేటు అన్నాడు. ఇద్దరం డిండోలి గది వదిలి మిల్లు గేటు పక్కన వాచ్‌మన్ గదిలోకి మారాం. వీధిలో మనిషి లేడు. కుక్కలు కూడా అన్నం దొరికే చోటికి వెళ్ళిపోయాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మిల్లు లోపల తిరిగి రావడమే మా పని. చెయ్యడానికి వేరే ఏమీ లేకపోవడంతో ఆ తిరుగుడు రోజురోజుకూ పొడుగయింది. వదిలేసిన కట్టడానికి ఒక ఆకర్షణ ఉంటుంది. అక్కడ ఏదో దాగి ఉందనిపిస్తుంది. ఉన్నది తుప్పు, గబ్బిలాలు తప్ప ఏమీ కాదని తెలిసినా మర్నాడు మళ్ళీ కాళ్ళు అటే లాగుతాయి.

మేడమీది చెక్కల నేలను చెదలు తినేశాయి. కాక చేతికర్రతో ముందు తట్టి, కింద దూలం ఉన్న చోట మేకులు వరుసగా కనిపిస్తాయి కాబట్టి ఆ వరుస మీదే అడుగు వేసేవాడు. నాకు అంత ఓపిక ఎక్కడిది? నాలుగడుగులు ముందుకు వెళ్ళానో లేదో ఒక కాలు తొడ దాకా కిందికి దిగిపోయింది. ఆయన బోర్లా పడుకుని పాకుతూ వచ్చి నన్ను బయటికి లాగాడు. గీరుకుపోయిన చోట పసుపు పెట్టాడు. పెట్టాక మొదలయింది నవ్వు. మేడమీద నా కాలు, కింద నుంచి చూస్తే పైకప్పుకు వేలాడే సొరకాయలా ఉండి ఉంటుందని సాయంత్రం దాకా నవ్వుతూనే ఉన్నాడు.

ఇంకోసారి ఒక చీకటి గుమ్మం కనిపించింది. గది అనుకుని లోపలికి అడుగు పెట్టబోయాను. కాక కర్ర అడ్డం పెట్టి, ఒక ఇటుక ముక్క తీసి అందులోకి విసిరాడు. తను వినలేడు కాబట్టి నా మొహం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇటుక ఎంతకీ చప్పుడు చెయ్యలేదు. చేసినప్పుడు ఎక్కడో పాతాళంలో నీళ్ళలో పడింది. అది సరుకు దింపే లిఫ్టు తీసేసిన బావి. ఏమన్నది అని అడిగాడు. చాలా కిందికి పోయింది కాకా అన్నాను. అయితే మనం పోవద్దులే అని వెనక్కి తిరిగాడు.

పగలు ఇలా గడిచేది. సాయంత్రాలే గడిచేవి కావు. ఊరినుంచి నాకు ఫోన్లు వచ్చేవి, ఆయనకు వచ్చేవి కావు. నేను మాట్లాడుతుంటే లేచి వెళ్ళి మా షెడ్డులో ఆగిపోయిన మగ్గం మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. ఒకరోజు ఫోను పెట్టేసి వెళ్ళి పక్కన కూర్చున్నాను. నా వైపు చూడకుండానే అన్నాడు.

"సప్పుడు ఉన్నన్ని దినాలు ఒక్కన్నే ఉన్ననని ఎన్నడు అనిపియ్యలే రాజేశా. ఇప్పుడు అనిపిస్తాంది."

  నేనూ ఆ మగ్గం మీద, ఆయన చెయ్యి పక్కన చెయ్యి పెట్టాను.

వానలు మొదలైన కొత్తలో ఒక మధ్యాహ్నం కాక అన్నం వండుతుంటే నేను మిల్లులోకి వెళ్ళాను. లోపల బట్ట ఆరబెట్టే పెద్ద యంత్రం ఒకటి ఉండేది. ఆపిన రోజున అందులో ఉన్న గుడ్డ ఇంకా అలాగే వేలాడుతోంది, ఆకుపచ్చ మీద పసుపు పూలు. పైకప్పు రేకు పగిలిన చోటునుంచి వెలుతురు పడి ఆ పూలు నిన్నే అద్దినట్టున్నాయి. తలెత్తి దాన్నే చూస్తూ నిలబడ్డాను. నా ముందు నేలంతా గుడ్డ పేలికలు గుట్టగా పడి ఉన్నాయి.

అన్నం అయింది. కాక నన్ను పిలవడానికి వచ్చాడు. గుమ్మంలోనుంచి ఒక కేక వేస్తే సరిపోయేది. ఆ నిశ్శబ్దంలో గుసగుస కూడా వినపడుతుంది. కానీ జీవితమంతా షెడ్డులో గడిపిన మనిషికి కేక వేయవచ్చునన్న ఆలోచనే రాదు. నా వెనకనుంచి రాలేదు. చుట్టూ తిరిగి నాకు ఎదురుగా వచ్చాడు. చేతికర్ర పొయ్యి దగ్గరే ఉండిపోయింది. మగ్గాల సందుల్లో నేల సిమెంటుది, చదునుగా ఉంటుంది, అక్కడ పాదాలను చూసుకునే పని లేదు. ఇక్కడా అలాగే నా మొహం మీదనుంచి చూపు తిప్పకుండా పేలికల మీదుగా నడిచి వచ్చాడు. నేను తల దించి ఆయన్ను చూశాను. ఆయన నవ్వి, అయిదు వేళ్ళూ కలిపి నోటి దగ్గరకు తెచ్చాడు. మరుక్షణం అక్కడ మనిషి లేడు.

పేలికల కింద మురికినీళ్ళ ట్యాంకు ఉంది. దాని చెక్క మూత కుళ్ళిపోయింది. నేను బోర్లా పడి అంచు పట్టుకుని తొంగిచూశాను. లోతు ఎక్కువే. అడుగున నల్లటి బురదలో, నడుము దాకా దిగి, కాక లేచి నిలబడుతున్నాడు. దెబ్బ తగిలినట్టు కూడా లేదు. కుళ్ళిన గుడ్ల వాసన గుప్పుమని కొట్టి నా కళ్ళు మండిపోయాయి. అంచునుంచి ఒక ఇనుప నిచ్చెన కిందికి ఉంది. కాకా వస్తున్నా అని అరుస్తూ దానిమీద కాలు పెట్టాను.

ఆయనకు వినపడలేదు, కానీ నా కాలు కనిపించింది. తలెత్తి, రెండు చేతులూ పైకి లేపి, మణికట్లు అడ్డంగా పెట్టాడు. దగ్గరికి రాకు. నేను ఇంకో మెట్టు దిగబోయాను. ఆయన మొహం నేనెప్పుడూ చూడనంత కోపంగా మారింది. మణికట్లను ఒకదానికొకటి కొట్టి మళ్ళీ చూపించాడు. షెడ్డులో ఆ సైగ చూస్తే ఎవరైనా ఉన్నచోటే ఆగిపోతారు. నేనూ ఆగిపోయాను. ఆయన చేతులు అలాగే ఉన్నాయి. కాసేపటికి అలసిపోయినవాడు కూర్చున్నట్టు మెల్లగా కూర్చుండిపోయాడు.

నేను పైకి వచ్చి, మెయిన్ రోడ్డు మీద కాపలా ఉన్న పోలీసుల దగ్గరికి పరుగెత్తాను. ఫైరింజన్ వచ్చింది. వీపున సిలిండరు, మొహానికి మాస్కు కట్టుకుని ఒకతను దిగి కాకను పైకి తెచ్చాడు. అప్పటికే అంతా అయిపోయింది. బురద కదిలితే విషపు గాలి లేస్తుందని, మొదట వాసన వస్తుంది, తరువాత వాసన కూడా తెలియకుండా మనిషిని పడేస్తుందని అతను హిందీలో చెప్పాడు. నువ్వు దిగి ఉంటే ఇద్దర్ని మోసేవాళ్ళమని కూడా అన్నాడు. సిరిసిల్లలో చెల్లెలు ఫోనులోనే అన్నను చూసుకుంది. నిప్పు నేను పెట్టాను. పక్కన మనవాళ్ళెవరూ లేరు.

శ్మశానం నుంచి గదికి తిరిగి వస్తే రెండు పళ్ళాలు వేసి ఉన్నాయి, పక్కన మంచినీళ్ళు, గిన్నెలో అన్నం, పచ్చిపులుసు. ఆయన నన్ను అన్నానికి పిలిచాడు కదా. కూర్చుని తిన్నాను. ఏడుస్తూనే, ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను. ఆ గదిలో ఆ తరువాత చాలా రోజులు ఒక్కణ్నే ఉన్నాను. ఆయన అన్న ఒంటరితనం ఏమిటో అప్పుడు తెలిసింది.

మగ్గాలు మళ్ళీ నడిచాయి కానీ నేను షెడ్డులోకి వెళ్ళలేకపోయాను. తిరిగి తిరిగి ఈ పనిలో పడ్డాను. నా సైటులో ఎవరినైనా పిలవాలంటే గేటు దగ్గరే నిలబడి గొంతెత్తి అరుస్తాను. దానికి కూలీలు నవ్వుకుంటారు, నవ్వనీ.

నిరుడు వానల్లో ఒక మిల్లులో అలాంటి గుంటలోనే ఒకతను పడిపోయాడు. ఒడిశా మనిషి. అతని తమ్ముడు మా దగ్గరే పని చేస్తున్నాడు, పరుగెత్తుకొచ్చి దూకబోయాడు. నేను అతని నడుము పట్టుకున్నాను. అతను నన్ను కొట్టాడు, కరిచాడు, తన భాషలో తిట్టరాని తిట్లు తిట్టాడు. మా అన్న చచ్చిపోతున్నాడు వదలరా అని హిందీలో ఏడ్చాడు. ఫైరింజన్ వచ్చేదాకా నేను వదల్లేదు. కాక పడిన రోజు నన్ను ఆపడానికి పైన ఎవరూ లేరు. ఓదేలు కాక అడుగునుంచి, తన ఊపిరి పోతుండగా, ఉత్త చేతులతో ఆపాడు. అంత బలం నాకు లేదు, అందుకే మనిషి మీద పడి పట్టుకున్నాను.

అన్న బతకలేదు. తమ్ముడు ఇప్పటికీ నాతో మాట్లాడడు. బజారులో ఎదురైతే మొహం తిప్పుకుని వెళ్ళిపోతాడు. వెళ్ళనీ. తన కాళ్ళమీద తాను నడిచి వెళ్తున్నాడు, మలుపు తిరిగేదాకా నిలబడి చూస్తాను.