కిరాయెంతని అడిగే లింబయ్య

బోధన్‌లో లింబయ్య ఏది కొన్నా ముందు దాని ధర అడగడు, దుకాణం కిరాయి అడుగుతాడు. చాయ్ తాగాలన్నా, చెప్పు కుట్టించుకోవాలన్నా మొదటి మాట అదే. ఒకసారి జ్వరమొచ్చి దవాఖానాకు పోతే, డాక్టరు నాలుక చూపించమన్నాడు. చూపించాడు. నాలుక లోపలికి పోగానే, గది నాలుగు గోడలూ చూసి, "సాబ్, ఈ అర్రకు కిరాయెంత?" అన్నాడు.

అతను చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూకం వేసే గుమాస్తా. బండి బరువు తీసేస్తేగాని చెరుకు బరువు తేలదు. అలాగే కిరాయి తీసేస్తేగాని ఏ సరుకు అసలు ధరైనా తేలదని అతని నమ్మకం.

నిజామాబాద్‌లో బట్టల దుకాణం దేవిదాస్‌కు ఓసారి విసుగొచ్చింది.

"ధోతి కొననీకొచ్చినవా, దుకాణం కొననీకొచ్చినవా?"

"ధోతే. గాని గీ ధోతిల నీ దుకాణం ఎన్ని గజాలున్నదో సూస్తున్న."

లింబయ్య పక్కింట్లో అయ్యూబ్ ఉండేవాడు. అదే ఫ్యాక్టరీలో టైపిస్టు, జీతం నూటముప్పై. 1968లో హైదరాబాద్‌లోని ఒక కంపెనీ అతన్ని నూటతొంభైకి రమ్మంది. అరవై రూపాయలు ఎక్కువ. తల్లి కుల్సుమ్, కొత్తగా కాపురానికొచ్చిన భార్య రషీదా ఆ సాయంత్రం సేమియా వండారు. లింబయ్య రెండు గిన్నెలు తిని, మూతి తుడుచుకుని, "పోకు" అన్నాడు.

"ఎందుకు కాకా?"

"గా అరువై పట్నం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో గుంజుకుంటది. ఈడ నీ ఇల్లు పన్నెండు, ఆడ నలభై. ఈడ పనికి నడిసి పోతవు, పగటీలికి ఇంటికొచ్చి తింటవు. ఆడ బస్సుకు పెట్టాలె, హోటల్ల పెట్టాలె. ఈడ పాలు ఎడపల్లికెళ్లి దేవన్న సైకిల్ మీద తెస్తడు. ఆడ పాలకు లారీ ఉంటది, లారీకి డ్రైవరుంటడు, పాలమ్మెటోనికి దుకాణముంటది, గా దుకాణానికి..."

"కిరాయుంటది," అంది కుల్సుమ్, అలవాటు కొద్దీ.

"ఆడ కిరాయి గంత ఎందుకు కాకా?" అని అడిగింది రషీదా.

"అందరు నీ మొగుని లెక్కనే ఆడికి పోతున్నరు బిడ్డా. జనం పెరిగినంత తొందరగ అర్రలు పెరగయి."

అయ్యూబ్ మనసు చివుక్కుమంది. అతను అరవై రూపాయల కోసమే పోదామనుకోలేదు. పట్నంలో సాయంత్రం పూట షార్ట్‌హ్యాండ్ నేర్పుతారు. అది వస్తే స్టెనో కావచ్చు. బోధన్‌లో ఎన్నేళ్లున్నా టైపు మిషనే. ఆ మాట తల్లితో చెప్పుకున్నాడు గాని, లింబయ్యతో వాదించలేదు. లెక్కల్లో అతన్ని గెలిచినవాళ్లు ఆ వాడలో లేరు.

నెల తిరిగేసరికి అయ్యూబ్ మొండికేసి, ఇల్లు చూసుకోవడానికి రైలెక్కాడు. ఎదురు సీట్లో లింబయ్య.

"ఒక్కనివి పోతే మోసపోతవు," అన్నాడు.

పట్నంలో అయ్యూబ్ పరువు మిగల్లేదు. లింబయ్య పాన్ డబ్బా దగ్గర కిరాయి అడిగాడు. ఇరానీ హోటల్లో అడిగాడు. బస్సులో కండక్టరును కూడా అడిగాడు.

"టికెట్ పదిహేను పైసలు," అన్నాడు కండక్టరు.

"టికెట్ కాదన్నా. రాత్రిపూట బస్సు నిలిపే జాగకు?"

అయ్యూబ్ కిటికీలోంచి బయటికి చూస్తూ, ఈ మనిషెవరో తనకు తెలియనట్టు కూర్చున్నాడు.

మలక్‌పేటలో దిగాక లింబయ్య ఎవరినీ దారి అడగకుండా రెండు సందులు తిరిగి, ఒక ఆకుపచ్చ తలుపు కొట్టాడు. ఇంటావిడ అక్తరున్నీసా తలుపు తీసింది. పెద్ద వయసు మనిషి. లింబయ్యను చూడగానే తల పట్టుకుంది.

"మళ్లొచ్చినవా? ఇతనేనా నువ్వు చెప్పిన పిల్లగాడు?"

రెండు అర్రలు, వాకిట్లో నల్లా. కంపెనీకి నడిచిపోయేంత దూరం. అయ్యూబ్ గొంతు తగ్గించి కిరాయెంతని అడిగాడు.

"ఇరవై ఎనిమిది," అందామె. "నలభై చెప్పిన. ఈయన వరుసగ మూడు ఆదివారాలొచ్చి కూసున్నడు. సున్నం రాలిన కాడ కొంత కోసిండు, నల్లా సన్నగొస్తదని కొంత కోసిండు. నాలుగో ఆదివారం దాంక ఆగితే నేనే ఈయనకు కిరాయి కట్టాల్సొస్తదని ఒప్పుకున్న."

ఆ మూడు ఆదివారాలూ లింబయ్య మాక్లూర్‌లో చెల్లె ఇంటికని చెప్పి పోయాడు. అయ్యూబ్ అతని వంక చూశాడు.

"పోవద్దంటివి గద కాకా."

లింబయ్య గోడకు చెయ్యి ఆనించి, తేమ ఉందేమోనని తడుముతున్నాడు.

"లెక్క సూసి వద్దన్న. నీకు సదువుకోవాలని ఉన్నదని మీ అమ్మ తర్వాత చెప్పింది. పోయెటోనికి ఇల్లు సూడాలె గద."

అయ్యూబ్ ఆమె ఇచ్చిన తాళంచెవి జేబులో వేసుకుని, మళ్లీ తీసి, మళ్లీ వేసుకున్నాడు.

మరుసటి ఏడు అతను షార్ట్‌హ్యాండ్ పాసయ్యాడు, స్టెనో అయ్యాడు. ఆ సందులో అన్ని ఇళ్ల కిరాయిలూ ఏటా పెరిగాయి. అయ్యూబ్ ఇంటి కిరాయి మాత్రం ఐదేళ్లు ఇరవై ఎనిమిది దగ్గరే ఉంది. ఎందుకు పెంచవని పక్కింటివాళ్లు అడిగితే అక్తరున్నీసా తలుపు దగ్గరగా వేసి, "పెంచితే ఆయనొస్తడు," అనేది.