తీపి ముందే వచ్చింది

బోధన్ రోడ్డు మీద మా షెడ్డులో చేసేది ఒకటే పని. చక్కెర నీళ్ళను ఎంజైమ్ పూసల మీదుగా పంపి, గడ్డకట్టని పాకం తీయడం. మిఠాయిలు, బిస్కెట్లు చేసేవాళ్ళకు అది కావాలి. మిరియాల గింజలంత ఆ పూసలను మనిషెత్తు స్టీలు గొట్టంలో నింపి, పైనుంచి చక్కెర నీళ్ళు వదులుతాం. పూసలను తాకుతూ తగినంత సేపు నిలిస్తేనే చక్కెర పాకంగా మారుతుంది. ఎంత సేపు నిలవాలో లెక్కగట్టడం నా ఉద్యోగం. ఆ లెక్కల మీద నాకు పొగరు కూడా ఉండేది.

ఒక వారం చక్కెర సరిగ్గా పాకంగా మారడం మానేసింది. నేను రెండు రోజులు కాగితాలు తిరగేసి, ఎంజైమ్ చచ్చిపోయిందని తేల్చాను. పూసలు ఇంకా చల్లటి డబ్బాలో నిల్వ ఉన్నప్పుడు ఒక రోజంతా కరెంటు పోయింది. అప్పుడే డబ్బా వేడెక్కి ఎంజైమ్ పాడై ఉంటుందనుకున్నాను. ఆ డబ్బా చూసుకునేది మా ఆపరేటర్ అక్క. కోటగిరి దగ్గరి ఊరి నుంచి బస్సెక్కి వచ్చేది, రోజుకూలి మీద. నిల్వలో అజాగ్రత్త అని రిపోర్టు రాసి సంతకం పెట్టేశాను. అది షెడ్డు యజమాని సేటు చేతికి వెళితే ఆమె పని పోయినట్టే.

అంత చిన్న షెడ్డులో దాపరికం ఎక్కడిది, ఆమెకు తెలిసిపోయింది. ఏడవలేదు, బతిమాలలేదు. వచ్చి నా టేబుల్ ముందు నిలబడింది.

"కరెంటు పోయిననాడు డబ్బాల ఐసుగడ్డలు నేనే ఏసిన సారూ. పూసలు సల్లగనే ఉన్నయ్. ఒక్క గంట ఇయ్యుండ్రి."

నాకు చిర్రెత్తింది. "గంటల ఏం చేస్తవక్కా?"

"ముందుగాల ఉత్త నీళ్ళు ఇడుస్త. ఎనుక చక్కెర నీళ్ళు ఇడుస్త. కింద తీపి ఎప్పుడొస్తదో సూద్దాం."

గొట్టంలో నీళ్ళు ఎంత సేపు నిలుస్తున్నాయో తేల్చే ఆ పరీక్షకు పుస్తకాల్లో పెద్ద పేరే ఉంది. నేను దాని మీద పేజీల కొద్దీ రాసి పాసయ్యాను కూడా. చేసి చూడాలని మాత్రం తట్టలేదు.

గొట్టాన్ని నీళ్ళతో కడిగింది. చక్కెర నీళ్ళ వాల్వు తిప్పి, నన్ను గడియారం చూడమంది. కింద నల్లా దగ్గర కూచుని, నిమిషానికోసారి అరచేతిలో చుక్క పట్టి నాలుకకు తాకించుకుంది. నా లెక్క ప్రకారం తీపి రావడానికి నలభై నిమిషాలు పట్టాలి. తొమ్మిదో నిమిషంలోనే ఆమె తలెత్తింది.

"అచ్చింది."

నమ్మలేక నేనూ ఒక చుక్క నాకాను. తియ్యగానే ఉంది.

"మా మడిల గిట్లనే ఐతది," అంది. "గట్టు పొంటి ఎండ్రికాయ బొక్క వడితే నీళ్ళన్నీ ఆ బొక్కలకెల్లే పోతయ్. నడుమ నారు ఎండుతది. నారుది ఏం తప్పు సారూ?"

ఎంజైమ్ చావలేదు. చక్కెర దాని దగ్గర నిలవకుండా పరుగెత్తిపోతోంది, అంతే. గొట్టం విప్పి చూస్తే ఒక పక్క పొడుగునా పూసల్లేని సందు. పొడి పూసలను గబగబా గుమ్మరిస్తే మధ్యలో గాలి ఇరుక్కుని అలా అవుతుంది. గుమ్మరించింది నేనే. ఈసారి ఆమె చెప్పినట్టు గొట్టంలో నీళ్ళు పోసి, నానిన పూసలను దోసెడు దోసెడుగా వదిలాం. మర్నాటికి చక్కెర మళ్ళీ బాగా పాకంగా మారింది. ఆమె మీద కలిగినదాన్ని గౌరవం అంటే చిన్న మాట అవుతుంది. ఆమె పక్కన కూచుని నా చదువంతా మొదటి నుంచి చదువుకోవాలనిపించింది.

రిపోర్టు మార్చి రాసి, ఇద్దరం సేటు దగ్గరికి వెళ్ళాం. ఆయన చదివి కళ్ళజోడు తీశాడు.

"మరి గొట్టం గిట్ల నింపిందెవరు?"

నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది.

"అందరం కలిసే నింపినం సేట్."

గొట్టం నింపిన రోజు ఆమె నాట్లకని సెలవులో ఉంది.

"లేదు, నేనొక్కణ్ణే నింపిన," అన్నాను. ఆమె ముఖంలోకి చూసే ధైర్యం మాత్రం ఆ రోజంతా రాలేదు.