దేవుడు కాదనని అద్దాలు

నాచారంలో మా చర్చికి కొత్త భవనం కట్టినప్పుడు, గుమ్మం దగ్గర చేతులు కడుక్కునే తొట్టి చేసిపెట్టమని నన్ను అడిగారు. నేను లోహంతో బొమ్మలు చేస్తాను. మల్లాపూర్‌లో ఒక వెల్డింగ్ షెడ్డులో ఓ మూల నాది.

యూదుల ప్రార్థనా గుడారం ముందు, యాజకులు చేతులు కడుక్కునే గంగాళాన్ని స్త్రీల అద్దాలతో చేశారని బైబిల్ పాత నిబంధనలో ఒక మాట ఉంది. చిన్నప్పటి నుంచి వింటున్నదే, ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేదు. యూదు గురువులు దానికి రాసుకున్న వ్యాఖ్యానం పెద్దయ్యాక చదివాను. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిసలైన యూదు మగవాళ్లు చాకిరీతో నలిగిపోయి, పిల్లల్ని కనాలన్న ఆశే వదిలేశారట. ఆడవాళ్లు అన్నం పట్టుకుని వాళ్ల దగ్గరికి వెళ్లి, రాగి అద్దంలో ఇద్దరి ముఖాలూ చూపించి, నీకంటే నేనే బాగున్నానని ఆటపట్టించేవారట. అక్కడి రాజు పుట్టొద్దన్న పిల్లలు అలా పుట్టారు. విడుదలయ్యాక ఆ అద్దాలను గుడారానికి ఇవ్వబోతే, సోకు సామాను వద్దన్నాడు వాళ్లను నడిపించిన ప్రవక్త. అన్నిటికన్నా నాకివే ఇష్టమన్నాడు దేవుడు.

ఈ కథ అమ్మకు చెప్పాను. ఆమె లేచి వెళ్లి, బీరువాలోంచి పౌడరు డబ్బా అద్దం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఫ్యాక్టరీ మూతబడ్డప్పుడు మీ నాయిన పని కోసం తిరిగి తిరిగి వస్తుండె. ముద్ద దిగకపోతుండె. నేను పౌడరేసుకొని, గీ అద్దం ఆయన ముంగట పెట్టి, సూడు, కోతి లెక్క ఉన్నవ్ అంటుంటి. జర నవ్వుతుండె. గప్పుడే నువ్వు కడుపుల పడ్డవ్."

చర్చిలో ఆడవాళ్లందరినీ పాత అద్దాలు అడిగాను. పగిలినవి, మరకలు పట్టినవి, స్కూటీ నుంచి ఊడిపోయినవి, అన్నీ ఇచ్చారు. రాగి రేకుతో తొట్టి చేసి, చుట్టూ అమ్మ అద్దంతో పాటు వాటిని పొదిగాను.

కమిటీ పెద్దాయన చూసి ముఖం చిట్లించాడు. "చర్చిల అద్దాలేందమ్మా? ప్రార్థనకొచ్చి సోకులు సూసుకుంటరా?"

"ప్రవక్త గూడ గిదే అన్నడు పెద్దయ్యా. దేవుడే ఒప్పుకోలే."

"అది యూదుల ముచ్చట. మనకేం సంబంధం?"

"అద్దాల సంగతి మన బైబిల్ల గూడ ఉన్నది. అవంటే దేవునికెందుకిష్టమో వాళ్లు చెప్పిన్రు, మనం చెప్పుకోలే."

ముఖం కనబడకుండా అద్దాల మీద వెండి రంగు పూస్తే తీసుకుంటామన్నారు కమిటీ వాళ్లు. ఒళ్లు మండింది. మా అమ్మ ముఖం చూసుకున్న అద్దానికి నేను రంగు పూయాలా! పూయనని చెప్పి, ఆటో ట్రాలీ పిలిపించి, తొట్టిని చిల్కానగర్‌లో మా ఇంటికి తెచ్చేశాను. గేటు బయట, వీధి వైపు నిలబెట్టి, నల్లా పెట్టించాను.

చర్చిలో గ్రానైట్ తొట్టి వచ్చింది. మా గేటు దగ్గర మాత్రం, పొద్దున కంపెనీ బస్సు కోసం నిలబడే ఆడవాళ్లు చేతులు కడుక్కుని, ముఖం చూసుకుని, జడ సవరించుకుని వెళ్తున్నారు. కొందరు బొట్టుబిళ్లలు అంటించి వెళ్తున్నారు. నేను పీకను. చర్చి పరువు పోతోంది, తీసెయ్యమని రెండుసార్లు కబురొచ్చింది. తీయనని చెప్పాను.

ఆ పాత నిబంధనలోనే, తండ్రి భూమిలో మాకు వాటా ఏదని పెద్దల ఎదుట నిలబడి అడిగిన అక్కాచెల్లెళ్లు ఉన్నారు. ఇప్పుడు షెడ్డులో వాళ్ల బొమ్మలు మొదలుపెట్టాను. ఒక్కరికీ తల వంచడం లేదు.