ఫోనులో కనపడని కాళ్ళు

నేను కుర్ర పంతులుగా ఉన్న రోజుల్లో నా వయసు అరవై మూడు. నవ్వితే నవ్వండి. నలభై ఏళ్ళు ఎమ్మిగనూరులో మగ్గం నేసిన మనిషిని. ఆదోనిలో ఒక డిగ్రీ కాలేజీవాళ్ళు పిలిచి, చేనేత కోర్సు పెడతాండాం, మీరే నేర్పాల అన్నారు. మగ్గమంటే నాకేం భయం? భయమంతా గోడకున్న నల్లబోర్డుతోనే. యాభై దాటినాక కోడలి దగ్గర అక్షరాలు దిద్దినవాణ్ణి. పేపరు చదువుతాను గానీ, రాయాలంటే ఒక్కో అక్షరాన్నీ బతిమాలి కూర్చోబెట్టాల. డిగ్రీ పిల్లల ముందర ఆ బతిమాలుడు చూపించేదానికి ప్రాణం ఒప్పలేదు.

కోర్సు ఎట్ల నడపాలో మాట్లాడుకునే రోజు, ఆ కోర్సు చూసుకునే మేడమ్ (వయసు నా కూతురిది, ఓపిక మా అమ్మది) కాగితం మధ్యలో గీత గీసి, సగం పాఠాలు తరగతిలో, సగం ఫోనులో అనింది. చేతిపని తరగతికి, మాటలూ డిజైన్లూ ఫోనుకూ అని ఆమె లెక్క. నేను ఒప్పుకోలేదు. కాలం మారింది, అంతా ఫోనులోనే పెట్టండి అని తెగేసి చెప్పినాను. ప్రిన్సిపాల్ మురిసిపోయి, ముందు ఒక పాఠం అట్లనే చెప్పి చూడండి, కుదిరితేనే కోర్సు అన్నాడు. ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకుంటే, కోడలు బియ్యం ఏరుతా తల ఎత్తకుండానే అడిగింది.

"బోర్డు మీద రాయాల్సొస్తాదనే కదా మామా?"

నేను చెంబు అందుకుని నీళ్ళకని పెరట్లోకి పోయినాను.

పాఠం రోజు కోడలు ఫోను నా ఎదురుగా నిలబెట్టింది. ఆదోనిలో కాలేజీ షెడ్డులో మగ్గం, చుట్టూ పిల్లలు, వాళ్ళ వెనక ప్రిన్సిపాల్. ఈడ నేను గుంత మగ్గంలో కూర్చుని అడ్డపోగును మోసుకుపోయే నాడె విసురుతాంటే, షెడ్డులో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు నా చేతులు చూసి అట్లే విసిరినారు. వాళ్ళ నాడె పోదు. గట్టిగా తొయ్యమన్నాను, నిలువునా పరిచిన పడుగు పోగులు తెగినాయి. గంటసేపు చేతుల గురించే అరిచినాను. చివరికి మగ్గం మీదున్న కళ్ళద్దాల పిల్ల ఒకతి మెల్లగా అనింది.

"సార్, మీ కాళ్ళు యాడున్నాయి?"

నా కాళ్ళు గుంతలో ఉన్నాయి, ఫోనుకు కనపడవు. (నన్ను అడక్కుండానే నలభై ఏళ్ళుగా తొక్కుతాండాయి, వాటి సంగతి నాకే గుర్తు లేదు.) ఆ పిల్ల కింది చెక్కలు రెండూ ఒకేసారి తొక్కిపెట్టుకుని కూర్చుందంట. ఇంక పడుగు ఎట్ల విచ్చుకుని నాడెకు దారిస్తాది? ఇంతలో ప్రిన్సిపాల్, టైలరింగ్ కోర్సు పెట్టుకుందాం లెండి అంటాండేది వినబడింది. ఎవరినీ కదలొద్దని చెప్పి, ఆదోని బస్సెక్కినాను.

షెడ్డులో మగ్గం ఎక్కి, తొక్కి, నాడె విసిరి, పోగును దగ్గరకు దెబ్బకొట్టి చూపించినాను. మళ్ళీ చెప్పండి సార్, మళ్ళీ చెప్పండి అంటాండారు. నాలుగోసారికి ఓపిక పోయి, సుద్దముక్క అందుకుని బోర్డు మీద రాసినాను. ఎడమ కాలు, నాడె, దెబ్బ. కుడి కాలు, నాడె, దెబ్బ. రాసినాక గానీ చేసిన పని తెలియలేదు. మెల్లగా వెనక్కి తిరిగితే ఒక్కరూ నవ్వడం లేదు, అందరూ తలలు వంచి రాసుకుంటాండారు.

"మీరు నిదానంగా రాస్తారు సార్, రాసుకునేదానికి బాగుంది," అనింది కళ్ళద్దాల పిల్ల.

ఆ మాటతో వదిలిన ఊపిరి అక్షరాలు దిద్దిన నాటి నుంచీ బిగబట్టిందే అనుకుంటా. ఆ పిల్లే మగ్గమెక్కి ఎడమ తొక్కింది, నాడె జర్రున అవతలికి పోయింది. ప్రిన్సిపాల్ ఇంక టైలరింగ్ మాట ఎత్తలేదు, మేడమ్ గీత గీసిన కాగితం మీద సంతకం చేసినాడు. చేతిపని, కాలిపని తరగతికి, మాటలూ డిజైన్లూ ఫోనుకు. మేడమ్ మొదటిరోజు అనిందే. పైగా నాతోనే, మీరు చెప్పినట్టే రాసినాను సార్ అనింది, మహాతల్లి.

ఒక్క సుద్దముక్కకు జడిసి ఎమ్మిగనూరులో గుంతలో దాక్కున్న ఆ కొత్త పంతులు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. తిట్టబుద్ధి కాదు. పక్కన కూర్చోబెట్టుకుని ఒక టీ తాపించాలనిపిస్తుంది.