కట్ కాని ఫోను

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. సాంచాల మధ్యే పుట్టి పెరిగిన సత్యవ్వకు మెల్లగా మాట్లాడటం రాదు. ఆ మోతలో భర్త రాములుకు చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. ఎంత అరిచినా "ఊఁ" అంటాడు, ఏం విన్నాడో దేవుడికే తెలియాలి. అందుకే ఆమె ముచ్చట్లన్నీ పొరుగింటి గంగవ్వతోనే, ఇద్దరూ నూలు కండెలు చుడుతూ.

ఒకనాడు సత్యవ్వ ఫోనును నడుస్తున్న సాంచా మీద పెట్టి మరిచిపోయింది. ఆ అదురుకు అది కొంచెం కొంచెం జరుగుతూ అంచుదాకా వెళ్లి, బండల మీద బోర్లా పడింది. అంతకుముందు దాని మీద రక్షణ అద్దం వేసిన ఆనంద్ దుకాణానికి ఆమె అగ్గి మీద గుగ్గిలంలా వెళ్లింది.

"సుత్తెతోని కొట్టినా పగలదంటివి గదరా!"

"పగల్లేదత్తా. నేనేసిన గ్లాసు సూడు, గీత గూడ పడలే. పగిలింది దాని కిందున్న డిస్‌ప్లే."

"అంటే గొడుగు మంచిగనే ఉంది, మనిషే తడిసిండంటవ్!"

"కింద గింత జాగల టచ్ పని చెయ్యది. మిగిలిందంత నడుస్తది. మార్చాల్నా?"

"నడుస్తదంటివి గద, తే ఇటు."

కాల్ కట్ చేసే ఎర్ర గుండీ సరిగ్గా ఆ చచ్చిన జాగాలోనే ఉంది. అవతలివాళ్లే కట్ చేస్తారులే అని సత్యవ్వ పట్టించుకోలేదు.

కోరుట్ల నుంచి వియ్యపురాలు పద్మజ రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేది. సత్యవ్వ కూతురు కల్యాణికి ఆమె అత్త. "ఉంట మరి వదినె" అని సత్యవ్వ ఫోను పక్కన పెట్టి, గంగవ్వ వైపు తిరిగి అసలు సంగతి ఎత్తుకునేది. వియ్యపురాలు కాచిన పప్పుచారు బర్రె కూడా ముట్టదని, పెళ్లిలో పెట్టిన చీర దోమతెరకు తప్ప దేనికీ పనికిరాదని, వియ్యంకుడి గురకకు వాడకట్టు కుక్కలన్నీ లేస్తాయని. మధ్యమధ్య గంగవ్వ, అలిగి వెళ్లిన అల్లుడిని తిట్టిపోసేది.

ఒకరోజు పొద్దున్నే కల్యాణి ఫోన్ చేసింది.

"అమ్మా, నువ్వు ఫోన్ కట్ చేస్తలేవా? మా అత్త స్పీకర్ పెడుతున్నది. బీడీలు చేసే ఆడోళ్లంత చాటలు పట్టుకొని మా ఇంటికే అస్తున్నరు, నీ ముచ్చట ఇననీకి!"

"దోమతెర ముచ్చట గూడ ఇన్నరా?"

"గదైతే రెండుసార్లు చెప్పినవ్."

పిల్ల కాపురం ఉండేది ఆ ఇంట్లోనే కదా. సత్యవ్వ మర్నాడే బస్సెక్కింది. దారిలో చందుర్తి ఊరు దాటేదాకా క్షమాపణ ఎలా మొదలుపెట్టాలో మనసులో అనుకుంటూనే ఉంది. ఎలా మొదలుపెట్టినా అది పప్పుచారు దగ్గరికే వచ్చి ఆగుతోంది.

పద్మజ వాకిట్లో ఆడవాళ్లు ఒళ్లో చాటలతో కూర్చుని బీడీలు చుడుతున్నారు.

"వదినె, తప్పయింది..." అని సత్యవ్వ నోరు తెరిచిందో లేదో, అందరి చేతులూ ఆగిపోయాయి.

"గీమెనే! ఫోన్ల మాట్లాడే అక్క!" అందొకామె. ఇంకో ముసలామె జరిగి చోటిచ్చింది. "గంగవ్వ అల్లుడు ఇంటికచ్చిండా, లేదా? మొన్న నడుమల మీ ఆయిన బువ్వ పెట్టుమన్నడు, ముచ్చట గక్కడనే ఆగింది."

పద్మజ తలెత్తకుండా బీడీకి దారం చుడుతూ అంది. "నా పప్పుచారు తాగి చెప్పు వదినె. బర్రె ముట్టదో ముడుతదో."

సత్యవ్వ గిన్నెడు తాగింది. అబద్ధం చెబుదామని చూసింది, నోరు రాలేదు.

"చింతపులుపు జాస్తయింది."

ఆడవాళ్లు గొల్లుమన్నారు. పద్మజ కూడా నవ్వింది.

"ఇప్పుడు మొఖం మీద చెప్పినవ్, మంచిగున్నది. చాటుకు అన్నప్పుడు చానా కోపమచ్చింది. ఫోన్ నేలకేసి కొడ్దామనుకున్న. గని తెల్లారి ఏం చెప్తవో ఇనాలె గద!"

ఆ రోజు సత్యవ్వ సాయంత్రం దాకా చెప్తూనే ఉంది. చుట్టూ సాంచాల మోత లేదు, "ఊఁ" కొట్టే మొగుడు లేడు. అంతమంది బీడీలు ఆపి మరీ తన మాట వినడం ఆమె బతుకులో అదే మొదలు. బస్సు పోయినా ఆమెకు పట్టలేదు.

మర్నాడు ఇంటికొచ్చాక సంగతి గంగవ్వకు చెప్పక తప్పలేదు. తన ఇంటి గుట్టు కోరుట్ల దాకా పోయిందని తెలిసి గంగవ్వ కండెలు విసిరికొట్టింది, నోటికొచ్చిన తిట్టల్లా తిట్టింది. ఆయాసం తీరాక అడిగింది.

"ఇంతకు తప్పు నా అల్లునిదన్నరా, నాదన్నరా?"

"నీదే అన్నరు."

"ఏదీ, గా ఫోనిటియ్యి!" అంది గంగవ్వ, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ. "నేను మాట్లాడుత వాళ్లతోని."